బీరకాయ డాక్టరు చెప్పిన శుభవార్త

“దొంగలు సార్ మీరు! తాళం బద్దలుకొట్టే దొంగలైనా నయం, చెమటోడుస్తారు. మీకు జనం నమ్మి తాళంచెవి చేతికిచ్చారు. మీరు దానికి అచ్చు తీసుకున్నారు. తీసుకుని నిన్నటినుంచీ ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు!”

తలుపు తోసుకొచ్చిన ఊపులోనే అనేసింది కొర్రీలక్క. తలుపు గోడకు కొట్టుకుని తిరిగొచ్చి ఆమె భుజానికి తగిలింది. ఆమె లెక్కచేయలేదు. అద్దాల గదిలో బల్లకు అటు మేనేజరు, ఇటు ప్రోగ్రాము రాసే గడ్డం కుర్రాడు, ఆఫీసుకంతటికీ ఉత్త ‘గడ్డం’. ఇద్దరూ తలెత్తారు. గడ్డం వెంటనే తల దించేసుకున్నాడు.

మేనేజరు మాత్రం నవ్వాడు. ఏ పని చెప్పినా “రేపు చూద్దాంలే” అంటాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని రేపుసారు అంటుంది. ఎదురుగానూ అంటుంది. ఆయన వినిపించుకోడు, అదీ రేపటికే వాయిదా.

“కూర్చో అమ్మా. టీ చెప్పనా?”

“టీ వద్దు.”

కొర్రీలక్క అంటే ఎవరో ఇవాళే ఈ కథ అందుకున్నవాళ్లకు రెండు ముక్కలు. ఈమె పని పరీక్షించడం. వాళ్లు రాసిన ప్రోగ్రాము జనం చేతికి వెళ్లకముందే ఈమె దాన్ని అన్నివైపులనుంచీ పొడిచి చూస్తుంది. అంకె అడిగినచోట అక్షరం కొడుతుంది. వయసు అడిగితే మైనస్ ఏడు అంటుంది. నొక్కొద్దన్న బటన్ ముందు నొక్కుతుంది. ఎక్కడ విరిగితే అక్కడ ఒక కొర్రీ వేసి వెనక్కి పంపిస్తుంది. ఏడిపించడానికి పెట్టారు ఆ పేరు. ఆమె దాన్ని తన టీకప్పు మీద పెద్దక్షరాలతో రాయించుకుంది. ఆమె తన లాగిన్‌తో ‘పాస్’ కొట్టనిదే ఆ కంపెనీనుంచి ఏదీ బయటికి పోదు. కంపెనీ పెట్టిన పెద్దాయన పెట్టి పోయిన కట్టుబాటు అది.

ఆడవాళ్ల ఆసుపత్రులకోసం ఒక యాప్ చేస్తున్నారు వీళ్లు. పరీక్షల ఫలితాలు నేరుగా ఫోనుకు పంపిస్తుంది. ఇవాళ సాయంత్రం విడుదల. నిన్న పొద్దున్న కొర్రీలక్క తన మామూలు పద్ధతిలో ఉత్తుత్తి మనుషులకు ఉత్తుత్తి ఫలితం పంపించి చూసింది. ఆ ఆఫీసులో ఉత్తుత్తి మనుషులకు కూరగాయల పేర్లే పెట్టాలి, నిజం మనుషులతో కలిసిపోకుండా. రోగుల పట్టికలో వంకాయ, గుమ్మడికాయ, దొండకాయ వరసగా ఉన్నారు. డాక్టరు స్థానంలో బీరకాయ. ‘అందరికీ ఒకేసారి’ అన్న బటన్ నొక్కింది, పని చేసింది, ఆనందించింది, సాయంత్రం ఇంటికెళ్లింది.

వాళ్లమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి ఫోను ముఖంమీద పెట్టింది. “చదవ్వే! మీ వదిన నీళ్లోసుకుంది!” ఫోనులో ఇలా ఉంది: *శుభాకాంక్షలు. మీ పరీక్షలో గర్భం నిర్ధారణ అయింది. ఇట్లు, డాక్టర్ బీరకాయ.* “ఇంటిపేరు బీరకాయల వాళ్లేమో, ఎవరైతేనేం, చల్లటి మాట చెప్పాడు” అంటూ ఆమె అప్పటికే వీధి వీధంతా నోళ్లు తీపి చేసొచ్చింది. వదిన వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆడపడుచునే చూస్తోంది. కొర్రీలక్క మళ్లీ చదివింది. ఆ మాటలు తను కొట్టినవి. అక్షరం పొల్లుపోకుండా తనవి.

ఊరంతటికీ కొర్రీలు వేసే మనిషి సొంతింట్లో గుడ్లప్పగించి నిలబడింది. పొద్దున్నే ఆఫీసుకొచ్చి కంప్యూటరు తెరిచి చూస్తే అంతా బయటపడింది. ఆ పట్టికలో పేర్లు మాత్రమే కూరగాయలు. పేరు పక్కనున్న ఫోను నంబర్లు నిజం మనుషులవి.

అదీ సంగతి. ఇప్పుడు గదిలోకి రండి.

“ఎవరిచ్చారు సార్ ఆసుపత్రి పట్టిక మనకి?” అంది కొర్రీలక్క.

“ఆసుపత్రివాళ్లే. మన కస్టమరేగా.”

“ఆసుపత్రికి ఎవరిచ్చారు?”

“అంటే?”

“ఆ ఆడవాళ్లు ఇచ్చారు సార్. కౌంటరు దగ్గర, వెనక క్యూలో ఎవరైనా వింటున్నారేమోనని గొంతు తగ్గించి చెప్పుకున్నారు. ఎందుకిచ్చారు? వైద్యం కోసం. మన యాప్ పరీక్షించుకోమని ఇచ్చారా?”

రేపుసారు గడ్డం వైపు తిరిగాడు. “నీకు చెప్పానా లేదా, వివరాలు మార్చి వాడమని?”

గడ్డం చేతిలో పెన్ను మూత ఊడింది. “చెప్పారు సార్. పేర్లన్నీ మార్చాను. నంబర్లు కూడా మారుస్తానన్నాను. నంబర్లు మారిస్తే పెద్దల ముందు డెమోలో ఫోను మోగదు, ఉంచెయ్ అన్నారు. నిజం ఫోన్లకు సందేశాలు పోయే లైను కూడా డెమో కోసమే తెరిపించారు. అయిపోయాక మూసేద్దామని అడిగితే...”

“ఏమన్నాను?”

“రేపు చూద్దామన్నారు సార్.”

మామూలు రోజైతే ఆ మాటకు నవ్వొచ్చేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

రేపుసారు చెడ్డవాడని కాదు. ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే ముందు ఇంటికి పొమ్మనేది ఆయనే. అలాంటి మంచివాళ్లతోనే వచ్చింది చిక్కంతా. ఎదురుగా కనిపించే మనిషికి కరిగిపోతారు, పట్టికలో వరసగా ఉన్న మనుషులు వాళ్ల కంటికి మనుషుల్లా ఆనరు.

“సరే అమ్మా, తప్పు జరిగింది,” అన్నాడాయన చేతులు చాపి. “పోయిన సందేశం వెనక్కి రాదు. ఇవాళ విడుదల కానిచ్చేద్దాం. రేపు తీరిగ్గా అందరికీ ఒక సవరణ పంపిద్దాం. ‘సాంకేతిక కారణాలవల్ల పొరపాటు సందేశం వచ్చింది, చింతిస్తున్నాం’ అని. అయిపోయె.”

“అయిపోయిందా?” కొర్రీలక్క బల్లమీద రెండు చేతులూ ఆనించింది. “మా ఇంటి కోడలికి సాంకేతిక కారణాలవల్ల కడుపొచ్చి, సాంకేతిక కారణాలవల్ల పోయిందా సార్? ఆ సందేశం ఇంకెవరెవరికి పోయిందో ఆలోచించారా? పెళ్లికాని పిల్ల నెలసరి బాగాలేదని చూపించుకోవడానికి వెళ్లుంటుంది. ఫోను వాళ్ల నాన్న జేబులో ఉంటుంది. మొగుడు దూరదేశంలో ఉన్న ఆవిడ ఉంటుంది. నిన్నటినుంచీ ఆ ఇళ్లలో ఏం జరుగుతోందో, ఎవరి చెంప పగిలిందో మీకు తెలుసా? ఆసుపత్రికి ఫోన్లమీద ఫోన్లు వస్తున్నాయట. నిన్న మధ్యాహ్నమే మీకు చెప్పారట. పొద్దున్న ఫోను చేస్తే ఆసుపత్రి కౌంటరు అమ్మాయి నాతో చెప్పింది.”

రేపుసారు నవ్వు ఆరిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గింది, అది ఆయన అరవడంకంటే ప్రమాదం.

“గట్టిగా మాట్లాడకముందు ఒక్కటి ఆలోచించుకో అమ్మా. ఆ బటన్ నొక్కింది ఎవరు? నేను కాదు. ఇతను కాదు. విచారణంటూ వస్తే రికార్డులో కనిపించేది నీ లాగిన్. ‘పంపినవారు’ అన్నచోట నీ పేరే. నేను నిన్ను కాపాడదామనే చూస్తున్నా. పాస్ కొట్టు. ఇంటికెళ్లు.”



కొర్రీలక్కకు ఆ క్షణంలో వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. తాళాల మేస్త్రి. డాంబికం మనిషి, వీధిలో తనంత పనివాడు లేడని తనే చెప్పుకునేవాడు. చెవి పోగొట్టుకున్నవాళ్లకు మైనపు అచ్చు తీసి కొత్త చెవి చేసిచ్చాక, ఆ అచ్చుని యజమాని కళ్లముందే పిడికిట్లో నలిపేసేవాడు. నలిపి, “చూశారా?” అనేవాడు. తొందరలో ఉన్నవాళ్లు “ఆ, చూశాంలే” అని కదిలితే, చెయ్యి పట్టుకుని ఆపి మళ్లీ చూపించేవాడు. చిన్నప్పుడు ఆమెకు సిగ్గేసేది, ఎందుకీ ఆర్భాటం అని. ఇప్పుడు తెలిసింది. ఆయన అమ్మింది చెవి కాదు. మీ ఇంటికి ఇంకో చెవి నా దగ్గర లేదన్న మాట. ఆ మాట అమ్ముకుని బతికినవాడు ఆమాత్రం డాంబికంగా ఉండొచ్చు.

“రాసుకోండి సార్,” అంది. “నా పేరు రాసుకోండి. కప్పుమీద ఉన్నంత పెద్దగా రాసుకోండి. నొక్కింది నేనే. నా చేతికింద జరిగింది కాబట్టే మాట్లాడుతున్నాను. మీ చేతికింద జరిగింది కూడా మీరు చెప్పండి, లెక్క సరిపోతుంది. పాస్ మాత్రం కొట్టను.”

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెరమీద ‘వదిన’.

అది చూశాడేమో, రేపుసారు ముఖం మళ్లీ మెత్తబడింది. “మీ వదినగారేనా? స్పీకరులో పెట్టమ్మా. నేనే క్షమాపణ చెబుతా. నాకేం నామోషీ లేదు.”

“స్పీకరా!” కొర్రీలక్క ఫోనుని గుండెకు అదుముకుంది. “ఇంకెంతమంది వినాలి సార్ ఆవిడ సంగతి?”

గదిలోంచి బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. పైన ఎక్కడో నీళ్ల పైపు గుడగుడలాడుతోంది. వదిన కారు నడపడం నేర్పే స్కూల్లో పని చేస్తుంది. ఫోనులో వెనకనుంచి ఎవరో కొత్తవాళ్లు గేరు కీచుమనిపిస్తున్న చప్పుడు. ఇవాళ ఏదో అవసరం పడి తెరిచిందిగానీ, పాఠం చెప్పేటప్పుడు తన ఫోను కట్టేసి పెడుతుంది. అందుకే ఆసుపత్రిలో ఇంట్లో ఫోను నంబరు రాయించింది. ఇంట్లో ఫోనంటే అత్తగారి చేతిలో ఫోను.

“వదినా...” అంది. “వదినా, నీకొకటి చెప్పాలి. నిన్ననే చెప్పాల్సింది. ఆ మెసేజీ...”

“ఉత్తుత్తిది. అంతేనా?”

“నీకెలా తెలుసు?” అంది కొర్రీలక్క.

“ఏమ్మా కొర్రీలూ, నన్నేమనుకున్నావు? అన్నాలు తినేటప్పుడు రోజూ నువ్వేగా చెప్పి నవ్విస్తావు, ‘ఇవాళ వంకాయకు జ్వరం, దొండకాయకు ఆపరేషన్, డాక్టరు బీరకాయ సెలవులో ఉన్నాడు’ అని! అత్తయ్య ఆ ఫోను చూపించగానే నాకర్థమైంది. బీరకాయ అని చూశాక కూడా ఎవరైనా నమ్ముతారా? అత్తయ్య నమ్మింది, పాపం, ఆవిడకు నువ్వు చెప్పేవేవీ చెవిన పడవు.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెబుతావేమోనని చూశా. రాత్రి అన్నం దగ్గర చూశా. పొద్దున్న చెప్పులు వేసుకుంటుంటే చూశా. దొంగపిల్లిలా జారుకున్నావు.”

“వదినా, నేను...”

“ఏడవకు. నాకు ఏడుపు వినే టైము లేదు, ఇక్కడొకాయన క్లచ్చనుకుని ఇంకోటి తొక్కుతున్నాడు. అయ్యా, ఎడమకాలు! ఎడమకాలండీ! ... ఆఁ విను. అత్తయ్యతో నేనే చెప్పాను, పొద్దున్న నువ్వెళ్లాక. మొదట ఏడ్చింది, తర్వాత మీ బీరకాయని తిట్టింది, తర్వాత వీధిలో వాళ్లకేం చెప్పాలని నన్నడిగింది. ఏం చెప్పక్కర్లేదన్నా. నా కడుపు నా ఇష్టం, అడిగినవాళ్లని నా దగ్గరికి పంపమన్నా.”

కొర్రీలక్క నవ్వింది. కళ్లనిండా నీళ్లతోనే నవ్వింది. “మరి అసలు రిపోర్టు...”

“వచ్చింది. నేనే వెళ్లి నా చేత్తో తీసుకున్నా. అందులో ఏముందో మీ అన్నకు చెప్పా. నీకు చెప్పను.”

“నాకు కూడానా?”

“నీకు కూడా. అది నాది.”

ఆ చిన్న మాట! కొర్రీలక్క ఇన్నేళ్లుగా గోప్యత మీద ఎన్ని పాఠాలు విన్నదో, ఎన్ని సర్టిఫికెట్లు గోడకు తగిలించిందో. ఒక్కదానిలోనూ ఆ మాట ఇంత సూటిగా లేదు. గీత గీసినట్టు చెప్పేసింది వదిన. ఆ ఇంట్లో పుట్టినందుకు కాదుగానీ, ఆ ఇంటికి ఇలాంటి మనిషి వచ్చినందుకు కొర్రీలక్క వెన్ను నిటారుగా అయింది.

“ఇదుగో, నాకు నువ్వున్నావు కాబట్టి బీరకాయ ఎవరో తెలిసింది,” అంటోంది వదిన. “మిగతావాళ్ల ఇళ్లలో టెస్టరు ఆడపడుచు లేదుగా. వాళ్లకెవరు చెబుతారు?”

“నేను చెబుతా. చెప్పిస్తా.”

“చెప్పించు. ఇంకోటి, దీనికోసమే చేశా ఫోను. పొద్దున్న ఇంటి ఫోనుకి ఎవరో అమ్మాయి చేసిందట. బీమా కంపెనీ అంట. కాబోయే తల్లులకు ఏదో పథకమట. అత్తయ్య నాకిచ్చింది. మాట్లాడితే నా పూర్తి పేరుతో పిలిచింది, పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఆ పేరు నేను ఎక్కడా వాడను. ఆసుపత్రిలో పాత గుర్తింపుకార్డు ఇచ్చాను కాబట్టి ఆ ఒక్కచోటే అలా రాసుకున్నారు. ఆ అమ్మాయికెలా తెలిసిందంటావు?”

గేరు మళ్లీ కీచుమంది. వదిన ఎవరినో కసురుతూ ఫోను పెట్టేసింది.

కొర్రీలక్క కదల్లేదు. మెదడు మాత్రం మామూలు పద్ధతిలో పనిలో పడింది, ఎక్కడ విరిగిందో వెతుక్కుంటూ. తమ పట్టికలో వదిన పేరు వంకాయో, గుమ్మడికాయో. ఆ పట్టిక దొంగిలించినవాడికి నంబరు దొరుకుతుంది, పేరు దొరకదు. పేరుతో సహా పిలిచారంటే వాళ్ల దగ్గరున్నది ఈ పట్టిక కాదు. కూరగాయల పేర్లు పెట్టకముందుది.

అచ్చు ఇంకోటి ఉంది. ఎవరూ నలపని అచ్చు.

లేచి, తన బల్ల దగ్గరికెళ్లి కప్పు తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలీదు, చేతిలో ఏదో ఒకటి బరువుగా ఉండాలనిపించింది. అద్దాల గదిలోకి ఈసారి తలుపు మెల్లగా తీసుకుని వెళ్లింది. ఆ మెల్లదనానికి గడ్డం లేచి నిలబడ్డాడు.

“తమ్ముడూ, నువ్వు పేర్లు మార్చకముందున్న ఫైలు ఎక్కడుంది?”

“నా దగ్గర చెరిపేశాను అక్కా. ఒట్టు.”

“నీకెలా వచ్చింది?”

గడ్డం మేనేజరు ముఖంలోకి చూశాడు. ఈసారి తల దించుకోలేదు. “సార్ ఫోల్డరులోంచి. లింకు పంపారు.”

“ఆ లింకుకి తాళం ఉందా?”

“లేదక్కా. లింకు ఉన్నవాళ్లెవరైనా తెరవొచ్చు అని ఉంది. అప్పుడే అడిగాను. తాళం పెడితే...”

“పెడితే పార్టనర్లు తెరవలేరు కదయ్యా!” అనేశాడు రేపుసారు.

అన్న మాట గదిలో వేలాడింది. ఆయనకే వినిపించింది ముందు. చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీదికి వెళ్లింది.

మూత పడలేదు. మధ్యలో కప్పు ఉంది. కీబోర్డు మీద నిటారుగా కప్పు, కప్పుమీద పెద్దక్షరాలతో ఆమె పేరు.

“ఏ పార్టనర్లు సార్? బీమావాళ్లా?”

“అమ్మా, అది వ్యాపారం సంగతి. నీకెందుకు...”

కొర్రీలక్క ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది. ఆ ఫోల్డరు తెరిచే ఉంది. ఆసుపత్రి పట్టిక, అసలుది. వంకాయలు లేవు, దొండకాయలు లేవు. ఇంటిపేర్లతో సహా ఆడవాళ్ల పేర్లు, వయసులు, నంబర్లు, ఏ పరీక్షకొచ్చారో, ఏం తేలిందో. వదిన వరస ఎక్కడో కింద ఉంటుంది. కొర్రీలక్క కిందికి జరపలేదు. ‘అది నాది’ అన్న గొంతు చెవిలో ఉంది.

తెర పైమూలలో రంగురంగుల చిన్న గుండ్రాలు. ఒక్కో గుండ్రం ఒక్కో మనిషి, ఈ క్షణంలో ఆ ఫైలు తెరిచి చూస్తున్న మనిషి. మొదటిది రేపుసారుది. మిగతావాటికి పేర్లు లేవు. వాళ్లు ముగ్గురూ చూస్తుండగానే పక్కన ఇంకో గుండ్రం వెలిగింది.

“అక్కా, ఎవరో ఫైలు మొత్తం దింపుకుంటున్నారు,” అన్నాడు గడ్డం.

“లింకు మూసెయ్ తమ్ముడూ. ఇప్పుడే. ఫైలు మాత్రం చెరపొద్దు, ఎవరెవరొచ్చారో జాడ కావాలి. అచ్చు తర్వాత నలుపుదాం, అందరి కళ్లముందూ. సార్, మీరు ఫోను తియ్యండి. రేపు కాదు. పట్టికలో మొదటి నంబరు నొక్కండి. ఎత్తింది ఆవిడేనా కాదా ముందు కనుక్కోండి, ఆవిడైతేనే నోరు విప్పండి. మీరెవరో చెప్పండి, ఏం చేశారో చెప్పండి, ఆవిడ సంగతి ఎవరికి అప్పజెప్పారో పేరు పెట్టి చెప్పండి. తర్వాత రెండో నంబరు. నేనిక్కడే నిలబడతాను. నొక్కండి సార్!”